ఫిలాక్టెటిస్ కేక, మా ఇన్‌స్టిట్యూట్ తెర

రైల్వేలో కల్చరల్ కోటా అని ఒకటి ఉంది. పాటో ఆటో నాటకమో బాగా వచ్చినవాళ్ళని ఏరి కొద్దిమందికి ఉద్యోగం ఇస్తారు. నేను ఆ తలుపులోంచి వచ్చినవాణ్ణి. కాగితం మీద గుమస్తాని. అసలు పని బిలాస్‌పూర్‌లో రైల్వే ఇన్‌స్టిట్యూట్ అనే ఉద్యోగుల క్లబ్బు హాల్లో నాటకాలు వేయించడం. ఆఫీసులో నన్ను నాటకాలవాడు అనేవారు. నాటకాల్లో చేరినవాళ్ళు ఆఫీసువాడు అనేవారు. రిటైరయ్యేదాకా ఈ రెండు పేర్ల మధ్యనే కాలక్షేపం చేశాను.

ఈ మధ్య అదే కోటాలో కొత్తగా చేరిన దివ్య అనే అమ్మాయి, ఆమెతోపాటు చేరిన ఇంకో అబ్బాయి మా ఇంటికొచ్చి, ఈ ఉద్యోగమంటే అసలు ఏం చేయాలో చెప్పమన్నారు. ఇద్దరూ మన తెలుగువాళ్ళే. తాతల కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పనికి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఇళ్ళవాళ్ళు. తెలుగులో మాట మొదలుపెట్టి సగంలో హిందీలోకి దిగిపోతారు. తెలుగు అక్షరాలంటే మాత్రం భయం. అయినా నేను తెలుగులోనే రాస్తున్నాను. చదివి వినిపించేవాళ్ళు ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు.

ప్రమోషన్ల సంగతి, బిల్లులు పాస్ చేయించుకునే సంగతి ఇందులో రాయను. అవి ఎవరిని అడిగినా చెబుతారు. ఒక గ్రీకు వీరుడి కథని నేను ఏళ్ళ తరబడి అందరికీ పాఠంగా చెప్పాను. ఆ పాఠం నాకు మాత్రం ఎక్కలేదు. దానివల్ల ఒక నటుడికి దక్కాల్సింది దక్కకుండా పోయింది. రాయవలసింది అదొక్కటే, మిగతాదంతా దానికి దారి.

చచ్చినవాడు లేచి నిలబడితే

ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు మర్చిపోలేని ఓటమి ఒకటి తగిలింది. రైల్వేలో జోన్ల మధ్య నాటకాల పోటీలు జరుగుతాయి. నాటకం హిందీలో ఉండాలి, ఇచ్చిన సమయం దాటకూడదు. మా నాటకంలో ఒక రాజు యుద్ధంలో పడిపోయి, చివరి మాటలు రాగం తీసి చెప్పి ప్రాణం విడుస్తాడు. ఆ వేషం వేసింది మన పాతకాలపు పద్య నాటకాల మనిషి. ఆ ఏడు పోటీ మా హాల్లోనే, వెనక వరసల్లో మా లోకో షెడ్ వాళ్ళు, గ్యాంగ్‌మన్లు, వాళ్ళ ఇంటివాళ్ళు కూర్చున్నారు. రాగం అవ్వగానే అలవాటు ప్రకారం వన్స్ మోర్ అని అరిచారు. చచ్చిపడున్న రాజు లేచాడు, ప్రేక్షకులకి దండం పెట్టాడు, మళ్ళీ రాగం తీశాడు, మళ్ళీ చచ్చాడు. ఇంకోసారి అడిగితే ఇంకోసారి కూడా చచ్చేవాడే. సమయం దాటిపోయి మమ్మల్ని పోటీలోంచి తీసేశారు. జడ్జీల్లో ఒకాయన నన్ను పక్కకి పిలిచి, మీ దగ్గర శవాలు కూడా జనం మాట వింటాయా అని నవ్వాడు.

ఆ నవ్వు నాకు బాగా గుచ్చుకుంది. ఆ రోజునుంచి నా నాటకంలో వన్స్ మోర్ నిషేధం. నటులకి చెప్పేవాణ్ణి, మైకులో ప్రేక్షకులకీ చెప్పేవాణ్ణి. నేను నాటకాన్ని శుద్ధి చేస్తున్నాననుకునేవాణ్ణి. ఇప్పుడు చూస్తే, పరాయివాడు నవ్వాడని మనింటి పద్ధతిని దాచుకోవడమే అది. కొత్తవాళ్ళు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించుకోవాలి.

మా పై ఆఫీసరు ఒకాయన ఉండేవాడు. సాబ్ అని మాత్రం రాస్తాను. మంచివాడు, నటులకి డ్యూటీలోంచి సెలవు ఇప్పించడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరు. టీ వేళకి రిహార్సల్ చూడ్డానికి వచ్చేవాడు. ఒకసారి మా నాటకంలో సైనికుడు స్నేహితుడి శవం మీద పడి ఏడుస్తుంటే ఆయనకి నచ్చలేదు. హీరో ఏడిస్తే ఇక హీరో ఎందుకయ్యాడని అడిగాడు. నేను ఏడుపు తీసేసి, పిడికిలి బిగించి దూరంగా చూసే పని పెట్టాను. ప్రైజు వచ్చింది. ప్రైజు వచ్చాక సాబ్‌తో ఏం వాదిస్తాం? ఆ వేషం వేసినతను మాత్రం నాతో కొన్నాళ్ళు ముభావంగా ఉన్నాడు. ఏడుపు అతను చాలా బాగా చేసేవాడు.

ఏడవడం తెలిసిన వీరుడు

హీరో ఏడవకూడదన్న మాట నాకు మనసులో మెదులుతూ ఉండగానే ఫిలాక్టెటిస్ దొరికాడు. ఇన్‌స్టిట్యూట్ లైబ్రరీలో దొరల కాలంనాటి బీరువా ఒకటి ఉండేది. అందులో గ్రీకు కథలున్న ఇంగ్లీషు పుస్తకం అట్టలు ఊడిపోయి పడుంది. టిఫిన్ వేళల్లో దాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను.

మన పత్రికల్లో గ్రీకు వీరుడంటే కండలు తిరిగిన అందగాడు. ఈయన అలాంటివాడు కాదు. గొప్ప విలుకాడు. గురి తప్పని విల్లు ఆయన దగ్గర ఉంది. అందరితోపాటు ఓడెక్కి యుద్ధానికి బయల్దేరాడు. దారిలో ఒక గుడి దగ్గర పాము పాదం మీద కాటేసింది. పుండు పడింది. మానలేదు. వాసన పట్టింది. నొప్పి వచ్చినప్పుడల్లా ఆయన పెట్టే కేకలకి తోటివాళ్ళు దేవుడికి నైవేద్యం కూడా సవ్యంగా పెట్టుకోలేకపోయారు. ఆయన నిద్రపోతున్నప్పుడు మనుషుల్లేని దీవిలో దించేసి వెళ్ళిపోయారు. ఏళ్ళు గడిచాక, ఆ విల్లు లేకుండా యుద్ధం గెలవలేరని జోస్యం చెప్పారు. అప్పుడు ఆయన అవసరం వచ్చింది. మాయమాటలు నేర్చిన నాయకుడొకడు, వాడు చెప్పిన అబద్ధం మోసుకొచ్చిన యువకుడొకడు ఆయన్ని వెతుక్కుంటూ దీవికి వచ్చారు. యువకుడు విల్లు కాజేసి, కేకలు విని, మనసు మారి తిరిగి ఇచ్చేస్తాడు. చివరికి దేవుడు దిగివచ్చి చెబితే ఆయన పంతం వదిలి ఓడెక్కుతాడు.

ఆ యుద్ధం మీది గ్రీకు మహాకావ్యంలో ఈయన గురించి ఉన్నది కొద్ది పంక్తులే. తర్వాత నాటకకర్తలు ఒకరి తర్వాత ఒకరు ఈయన్ని పట్టుకున్నారు. ఒకరు దీవిలో జనాన్ని పెట్టారు. ఇంకొకరు మనిషి అలికిడే లేని దీవి చేశారు, అది ఇంకా బాగుంది. కుండల మీద బొమ్మలు వేసేవాళ్ళు పాదానికి కట్టు కట్టి రాతి మీద కూర్చోబెట్టారు. ఎన్నో వందల ఏళ్ళ తర్వాత ఐరోపా పండితులు, వీరుడనేవాడు నోరంతా తెరిచి అలా అరవవచ్చా అని పుస్తకాలకి పుస్తకాలు రాసి పోట్లాడుకున్నారట. మా సాబ్ ప్రశ్నే అది. ఈ రోజుల్లో కొన్ని దేశాల్లో, యుద్ధంలో దెబ్బతిని వచ్చిన సైనికుల ముందు ఈ నాటకం చదువుతున్నారని కూడా ఎక్కడో చదివాను.

నాకు కోపం పాము మీద రాలేదు, ఆ తోటివాళ్ళ మీద వచ్చింది. ఈ కథ చెప్పిన ప్రతిసారీ ఒక మాట నొక్కి చెప్పేవాణ్ణి. వాళ్ళు ఆయన్ని వదిలేసింది పుండు చూడలేక కాదు, కేక వినలేక. మీరు వేదిక మీద ఏ వేషం వేసినా ఎదుటివాడి కేక పూర్తిగా వినండి అనేవాణ్ణి. అందరూ తలలు ఊపేవారు.

పైడిరాజు

పోటీలకి ఈ నాటకం పనికిరాదని నాకు తెలుసు. అందుకే తెలుగులో రాశాను. దసరాకి మా తెలుగు సంఘం ఇన్‌స్టిట్యూట్ హాల్లో కార్యక్రమం పెడుతుంది. అక్కడ వేద్దామన్నాను. సంఘం సెక్రటరీ ఒక్కటే అడిగాడు, చివర్లో మంగళం ఉంటుందా అని. పండగ పూట హీరో చస్తే ఆయనకి కుదరదు. చివర్లో దేవుడు దిగుతాడని చెబితే సంతోషించాడు.

వేషం ఎవరికివ్వాలన్న ప్రశ్న దగ్గర నేను ఇప్పటికీ మెచ్చుకోలేని పని చేశాను. పైడిరాజు యార్డులో బళ్ళకి పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. నాకంటే కొంచెం పెద్ద. వాళ్ళ నాయన చీపురుపల్లి దగ్గర వీధినాటకాలు ఆడేవాడు, తర్వాత ఇక్కడికొచ్చి రైలు పట్టాల మీద పని చేశాడు. పైడిరాజు గొంతు హాలు చివరి గోడని తాకి వచ్చేది. ఒకప్పుడు గద పట్టే వేషాలన్నీ ఆయనవే. తర్వాత షుగరు వచ్చింది. పాదం మీద పుండు పడి మానకుండా ఉండిపోయింది. యార్డు పనికి అన్‌ఫిట్ అని డాక్టర్లు రాస్తే, గతౌరా స్టేషన్లో కూర్చుని చేసే డ్యూటీ ఇచ్చారు. కుంటుకుంటూ నడిచేవాడు. నాటకాలవాళ్ళు ఆయన్ని పిలవడం మానేశారు. గద పట్టినవాడు కుంటితే జనం నవ్వుతారని వాళ్ళ భయం.

నేను పిలిచింది ఆ కుంటు కోసం. గొంతు కూడా ఉంది కానీ, నిజం చెప్పాలంటే ముందు గుర్తొచ్చింది కాలే. గతౌరా వెళ్ళి కథ చెప్పాను. ఆయన అంతా విని, తన పాదం వైపు చూసుకుని, "కుంటోడి ఏషానికి కుంటోడు దొరికేడనా, మేస్టారూ?" అన్నాడు. నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆయన ఆగమని చెయ్యి చూపించి, "అదేటైనా పరవానేదు. ఏస్తాను. చాన్నాళ్ళయింది హాలు సూసి" అన్నాడు.

ఆ మాటకి నాకు ఎంత ఊరట కలిగిందంటే, దాని వెనకున్న ఆకలి నేను గమనించనే లేదు. తార్‌బహార్ పేటలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు ఆయన భార్య రవణమ్మ చెప్పింది, వేషం దొరికిన రోజునుంచి ఆయన కట్టు తనే కట్టుకుంటున్నాడని, మందు వేళ తప్పడం లేదని.

అమ్మా అనకూడదన్నాను

రిహార్సల్ క్యారమ్స్ గది వెనక జరిగేది. కేక దగ్గరే మాకు గొడవ వచ్చింది. గ్రీకులో ఆ కేకకి మాటల్లేవు, ఉత్త ధ్వని. పైడిరాజు నొప్పి రాగానే అమ్మా అని అందుకునేవాడు. అందుకుంటే అది మన పద్య నాటకం అయిపోతోందని, ఈ వీరుడికి అక్కడ అమ్మ లేదు, నాన్న లేడు, పిలిస్తే పలికే పిట్ట లేదు, ఎవరినీ పిలవకుండా అరవాలని నేను పట్టుబట్టాను. ఎవుల్నీ పిలవకుండా మనిసి అరుస్తాడా అని ఆయన నెమ్మదిగా అడిగాడు. అరుస్తాడన్నాను. సరే, మీరు సెప్పినట్టే ఏస్తానన్నాడు. రెండు మూడు రోజుల్లో నేను అడిగిన కేక అడిగినట్టు తెచ్చాడు. రాగం లేదు, మాట లేదు. విని నేనే ఒకసారి గది బయటికి వచ్చి నిలబడ్డాను.

మేకప్ కూడా నా చేతిదే. కుంకుమ, గ్లిజరిన్, కొంచెం కాఫీ పొడి కలిపి కట్టు మీద పుండు నెత్తురులా పట్టించాను. అసలు పుండు లోపల శుభ్రమైన దూది, గుడ్డ కింద క్షేమంగా ఉంది. వేదిక మీద తప్ప ఆ పాదం మీద బరువు వేయవద్దని కూడా ఆయనకి చెప్పాను.

ఆ సాయంత్రం

హాలు నిండింది. కుర్చీలు చాలక జనం గోడల వెంట నిలబడ్డారు. నాటకం మొదలయ్యే ముందు నేను ఎప్పటిలా మైకులో చెప్పాను, ఇది పద్య నాటకం కాదు, దయచేసి వన్స్ మోర్ అనవద్దని. తర్వాత తెర తాడు దగ్గర నిలబడ్డాను. తాడు లాగేవాడు ఆ రోజు డ్యూటీ మీద వెళ్ళాడు, ఆ పని నా నెత్తిన పడింది.

పైడిరాజు గుహలోంచి వచ్చినప్పుడు జనంలో చిన్న సందడి. చాలామందికి ఆయన యార్డులో, బజార్లో రోజూ కనబడే మనిషి. కుంటడం చూసి ఒకరిద్దరు నవ్వారు. కాసేపటికి ఆ నవ్వు ఆగింది. యువకుడికి తన కథ చెప్పే చోట హాలు చాలా నిశ్శబ్దంగా ఉంది. అప్పుడు నొప్పి వచ్చింది. ఆయన కేక పెట్టాడు.

రిహార్సల్లో విన్నది దాని ముందు ఏపాటి? ఆ కేక ఎంతసేపు సాగిందో చెప్పలేను. అయ్యాక ఆయన నేల మీద పడి ఉన్నాడు. ఎవరూ కదల్లేదు. తర్వాత వెనకనుంచి ఒక గొంతు వన్స్ మోర్ అంది. దాని వెనక ఇంకొకటి. తర్వాత హాలు హాలంతా అంది. ఎగతాళి కాదు అది. మనవాళ్ళు గుండె నిండినప్పుడు అనే మాట అదొక్కటే, వాళ్ళకి ఇంకో మాట తెలియదు.

పైడిరాజు తల ఎత్తి హాలు వైపు చూశాడు. నా వైపు చూడలేదు. నెమ్మదిగా లేచాడు. రెండు చేతులూ జోడించి ప్రేక్షకులకి దండం పెట్టాడు. మోకాళ్ళు వణుకుతున్నాయి. చెమటలు కారుతున్నాయి. కట్టంతా ఎర్రగా తడిసి, మడమ కిందనుంచి చెక్కల మీదికి కారుతోంది. ముందు వరసలో రవణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఆయన గుండెల నిండా గాలి పీల్చాడు. నోరు తెరిచాడు. నేను తాడు వదిలేశాను. తెర పడింది.

ఆ క్షణంలో నేననుకున్నది ఒక్కటే. ఈ మనిషి కాలు పోతుంది, ప్రాణం పోయినా పోతుంది, ఈ జనానికి తెలియడం లేదు. వేదిక మీదికి పరుగెత్తి ఆయన భుజం పట్టుకున్నాను. ఆటోలో రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డాక్టరు కట్టు విప్పాడు. లోపల దూది తెల్లగా ఉంది. పుండు కిందటి వారంకంటే నయంగా ఉందన్నాడు. పైన కారిందంతా నేను పట్టించిన కుంకుమే, చెమటకి కరిగింది. నా రంగు చూసి నేనే మోసపోయాను. మోకాళ్ళ వణుకు నటన. దాన్ని నేను నేర్పలేదు.

అక్కడ హాల్లో నాటకం ఆగిపోయింది. దేవుడి వేషం వేసినతను కిరీటం పెట్టుకుని పక్కన కూర్చునే ఉన్నాడు. సెక్రటరీ పండగ పూట లోటు రాకూడదని మంగళం పాడించేశాడు. మా నాటకంలో ఫిలాక్టెటిస్‌ని తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు, ఆయన ఆ దీవిలోనే ఉండిపోయాడు.

తర్వాత అందరూ నన్ను మెచ్చుకున్నారు. ప్రైజు వచ్చినప్పుడు కూడా అంత మెచ్చుకోలేదు. నాటకం కంటే మనిషి ముఖ్యమని చూపించావన్నారు. తర్వాతి సభలో శాలువా కప్పారు. నేను కప్పుకున్నాను. పైడిరాజు ఆ సభకి రాలేదు. ఆ తర్వాత ఏ రిహార్సల్‌కీ రాలేదు. పిలిస్తే డ్యూటీ ఉందనేవాడు, కాలు బాగోలేదనేవాడు. నిజమే అయుంటుందని ఊరుకున్నాను. కొన్నేళ్ళకి ఆయన రిటైరయ్యాడు, తర్వాత నేను. బజార్లో కనబడితే కుశలం అడిగేవాడు, నాటకం మాట ఎత్తేవాడు కాదు. అంత గొంతు ఉన్న మనిషి ఇంట్లో కూర్చున్నాడని బాధపడేవాణ్ణి. దానికి కారణం షుగరు అనుకునేవాణ్ణి.

తార్‌బహార్‌లో

దివ్య, ఆ అబ్బాయి వచ్చి అడిగినప్పుడు నా పాత నాటకాలన్నీ చెప్పాను. వాళ్ళు ఈ ఒక్కటి పట్టుకున్నారు. మళ్ళీ వేస్తామన్నారు. నా తెలుగుని హిందీ అక్షరాల్లో రాసుకుని బట్టీ పడతామన్నారు. దివ్య నడిపిస్తుంది, అబ్బాయి ఫిలాక్టెటిస్. వాడికి కేక నేర్పమని అడగడానికి నేను పైడిరాజు ఇంటికి వెళ్ళాను.

పుండు పోయింది, దానితో ఒక వేలూ పోయింది. కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. గొంతు తగ్గింది. రవణమ్మ టీ తెచ్చింది. నేను సంగతి చెప్పి, ఆ రోజు నువ్వు పెట్టిన కేక ఎవరూ మర్చిపోలేదన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"అది మీ కేక, మేస్టారూ" అన్నాడు.

అర్థం కాలేదన్నాను. అప్పుడు చెప్పాడు. చెబుతున్నప్పుడు కోపం లేదు, అది నాకు ఇంకా కష్టమైంది.

"మా నాయిన సెప్పేవోడు. మొదటిపాలి గురువు సెప్పింది సెప్పినట్టు ఆడాల. అది గురువు బాకీ. జెనం రెండోపాలి అడిగితే, అది మాత్రం మనది. ఎలగ ఆడితే అలగ. గురువు కూడా అడగడు. ఆయినికి జల్మంతా కలిపి రెండుపాలో మూడుపాలో దొరికిందట. నాకు గద ఏషాల్లో ఎప్పుడూ దొరకలేదు. ఆ యేళ హాలు అడిగింది."

వన్స్ మోర్ అంటే జనం మొరటుతనమని, నటుడి మోజు అని జీవితమంతా అనుకున్నాను. దాని లోపల ఇంత లెక్క ఉందని, ఒక తండ్రి కొడుక్కి అప్పజెప్పిన పద్ధతని నాకు ఎవరూ చెప్పలేదు. నేను ఎవరినీ అడగనూ లేదు. పోటీలో జడ్జి నవ్విన నవ్వు ఒక్కటే గుర్తుపెట్టుకున్నాను.

ఆ రెండోసారి ఏం చేద్దామనుకున్నావని అడిగాను. అమ్మా అని అందుకుందామనుకున్నావా అన్నాను. రవణమ్మ ఆయన వైపు చూసింది. ఆమెకీ తెలియదని అర్థమైంది.

"అడక్కండి. ఆ యేళ గొంతుకలో ఉండీది. హాలు అడిగింది కావట్టి ఒచ్చింది. ఇప్పుడు నేదు" అన్నాడు. కొంచెం ఆగి, "మీరు బయపడ్డారు, నాకు తెలుసు. మంచికే దింపేరు. కానీ ఇన్నేదు కదా, మేస్టారూ. సివరిదాకా ఇన్నేదు" అన్నాడు.

కేక వినలేక దీవిలో వదిలేసి వెళ్ళినవాళ్ళ గురించి నేను ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పానో గుర్తొచ్చింది. వాళ్ళు కూడా చెడ్డవాళ్ళేం కాదేమో. ఆయన బాధ చూడలేకపోయామనే వాళ్ళూ అనుకుని ఉంటారు. ఎవరైనా శాలువా కూడా కప్పి ఉంటారు. క్షమించమని అడగబోయాను. ఆయన ఆ మాట నోట్లో ఉండగానే మార్చేసి, కుర్రాళ్ళ నాటకం ఎప్పుడని అడిగాడు. దసరాకే, అదే హాల్లో అన్నాను. కేక నేర్పడం తనవల్ల కాదన్నాడు. ఆ కుర్రోడి కేక ఆ కుర్రోడే తెచ్చుకోవాలన్నాడు.

నేను లేచి చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చి అడిగాడు. "అచ్ఛా, పరదా తాడు కాడ ఎవులుంటారు?"

ఇంకా అనుకోలేదన్నాను.

"నాకియ్యండి" అన్నాడు.

తాడు

దసరాకి నాటకం వేశారు. పైడిరాజుకి తాడు దగ్గర కుర్చీ వేయించాను. కర్ర గోడకి ఆనించి, తాడు చేతికి ఒక చుట్టు చుట్టుకుని కూర్చున్నాడు. నేను మైకు పట్టుకోలేదు. వన్స్ మోర్ అనవద్దని ఎవరికీ చెప్పలేదు.

పిల్లలు బాగానే వేశారు. తెలుగు మాటలు కొన్ని తడబడ్డాయి. అబ్బాయి కేక పెట్టాడు. కుర్రవాడి కేక, కొంచెం సినిమా వాసన ఉంది, కానీ చివర్లో ఎక్కడో ఒక చోట నిజమైంది. పైడిరాజు ముందుకి వంగి వింటున్నాడు. కేక అయిపోయింది. నేను హాలు వైపు చూశాను. కొంతమంది ఫోన్లు పైకెత్తి వీడియో తీస్తున్నారు. చప్పట్లు కొట్టారు. ఆ మాట మాత్రం ఎవరూ అనలేదు. అనేవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు, ఉన్నవాళ్ళ పిల్లలకి అది అనాలని తెలియదు. ఒక్క క్షణం నేనే అందామనుకున్నాను. నా నోటికి ఆ మాట రాలేదు. అన్నేళ్ళు వద్దన్నవాడికి అంత తేలిగ్గా ఎలా వస్తుంది?

దేవుడు దిగాడు, ఫిలాక్టెటిస్ విల్లు పట్టుకుని ఓడెక్కాడు. మంగళం పాడారు. పిల్లలందరూ వరసగా నిలబడి దండం పెట్టారు. తెర దిగాలి. దిగలేదు. దివ్య పక్కనుంచి, తాతగారూ, పర్దా, అని మెల్లగా అంది. పైడిరాజు వినబడనట్టు హాలు వైపే చూస్తున్నాడు. పిల్లలు ఇంకోసారి దండం పెట్టి, నవ్వుకుంటూ పక్కకి వెళ్ళిపోయారు. జనం లేచారు, కుర్చీలు జరిగాయి, ప్రసాదం దగ్గర లైన్ కట్టారు. ఖాళీ వేదిక మీద లైట్లు అలాగే వెలుగుతున్నాయి. ఆయన తాడు పట్టుకునే ఉన్నాడు.

దివ్య నా వైపు చూసి, మీరైనా చెప్పండి అన్నట్టు చెయ్యి తిప్పింది. నేను వెళ్ళి ఆయన కుర్చీ పక్కన నిలబడ్డాను. తాడు అడగలేదు. హాల్లో చివరి మనిషి బయటికి వెళ్ళేదాకా ఆయన తెర దించలేదు.